చెరువుకు ఎరువెక్కువైన సంవత్సరం

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో మూడు రాజ్యాలున్నాయి. ముట్టడి ఉంది, బందీలున్నారు, తెల్లారేసరికి వందలకు వందలుగా రాలిపోయిన ప్రాణాలున్నాయి. నల్లటి మబ్బు కింద గడ్డపారలు లేచాయి. మూడు ఊళ్ల భవిష్యత్తు ఒకే ఒక్క గుక్క మీద ఆధారపడిన ఘడియ కూడా వచ్చింది.

అంత లేదులెండి. మూడు రాజ్యాలంటే మూడు గ్రామ పంచాయతీలు. ప్రాణాలు వదిలినవి చేపలు. బందీలుగా చిక్కినవి రాతి బండలు. యుద్ధమంతా మరుగుదొడ్ల నీళ్ల గురించి. భోజనం ముగించుకున్నాక చదవడం మంచిది.

మా నాన్న మదనపల్లెలో మిషను ఆసుపత్రి కాంపౌండరు. నేను పుట్టిందీ, పెరిగిందీ, పరీక్షలు తప్పిందీ, మళ్లీ రాసి గట్టెక్కిందీ అంతా ఆసుపత్రి క్వార్టర్సులోనే. ఎనభైల మొదట్లో నాన్నకు రిటైర్మెంటు దగ్గర పడింది. సంవత్సరం ఆఖరుకల్లా క్వార్టర్సు వదలాలి.

"క్రిస్మసు ఈడ చేసుకుంటాం. కొత్త సంవత్సరం ఆరాధనకు యాడినించి పోతామో ఆ దేవునికే తెలియాల," అనేది అమ్మ, రోజూ, ప్రార్థనలో భాగంగా. దేవుడికి చెబుతున్నట్టు ఉండేది గానీ నాన్నకు వినబడేంత గట్టిగా ఉండేది.

నాన్న ఊరికే లేడు. పుంగనూరు రోడ్డులో ఊరు దాటాక కొత్తగా ఒక కాలనీ లేస్తుంటే అక్కడ స్థలం కొని, గోడలు కిటికీల పైదాకా కట్టించాడు. ఇక మిగిలింది కప్పు. కప్పు లేని ఇంటిని మా వైపు ఇల్లనరు, దొడ్డి అంటారు.

కాలనీ ఉన్నది ఒక పల్లె పంచాయతీ హద్దులో. దాన్ని పై ఊరు అంటాను. కాలనీ పక్కనుంచి ఒక వంక, చిన్న వాగులాంటిది, కిందికి దిగి, మధ్య ఊరి పొలాల మీదుగా పారి, కింది ఊరి చెరువులో పడుతుంది. అసలు పేర్లు రాయను. మూడు ఊళ్లలోనూ నేను ఇంకా తినవలసిన పెళ్లిభోజనాలు ఉన్నాయి.

కాలనీలో ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు ఉందని కాగితం మీద ఉండేది. నేల మీద ఉన్నది ఒక గుంత, దానికి పైన వంకలోకి ఒక గొట్టం. గుంత నిండగానే గొట్టం పని మొదలుపెట్టేది. నాలుగిళ్లున్నప్పుడు వంక దాన్ని తాగేసింది. వీధులు పెరిగేకొద్దీ మోయలేక చెరువుకు అప్పగించింది. వేసవి నాటికి కింది ఊరి చెరువు పచ్చబడింది, గోరింటాకు రుబ్బి కలిపినట్టు. గొడ్లు మూతి పెట్టి, తుమ్మి, వెనక్కి వచ్చేసేవి. నాట్లు వేసిన ఆడవాళ్ల కాళ్లు దద్దుర్లెక్కాయి. ఒక తెల్లవారుజామున చేపలన్నీ పైకి తేలి, నోళ్లు తెరిచి, పొద్దెక్కేసరికి తెల్లటి పొట్టలు చూపించాయి. ఆ రోజు గాలి పుంగనూరు బస్సులోకి కూడా వచ్చింది. రోజూ సీటు కోసం కొట్టుకునేవాళ్లు కిటికీ పక్క సీట్లను ఒకరికొకరు ఇచ్చుకున్నారు.

కింది ఊరి వాళ్లు మాటలతో ఆగలేదు. వంక చెరువులోకి దిగేచోట ఇసక మూటలు వేసి కట్టేశారు. "కాలనీలో ఇంకొక్క కప్పు లేచిందంటే చూడండి," అని చాటింపు వేయించారు. మురుగు వెనక్కి తన్నింది. కాలనీ దిగువ వీధిలో జనం ఇటుకల మీద అడుగులు వేసుకుంటూ ఇళ్లకు చేరేవారు.

సరిగ్గా అప్పుడు కుప్పం నుంచి మా బండలు బయలుదేరాయి.

మా అక్కను ఇచ్చింది కుప్పం. బావకు అక్కడ రాళ్ల పనివాళ్లందరూ తెలుసు. మిద్దె కప్పుకు మంచి బండలు ఏరించి, తనే లారీలో కూర్చుని వచ్చాడు. వెంకటగిరికోట దగ్గర టైరు పోయింది, అదొక్కటే దేవుడిచ్చిన హెచ్చరిక. బావ దాన్ని పట్టించుకోలేదు. పుంగనూరు దాటాక కింది ఊరి చెరువు కట్ట దగ్గర లారీని ఆపేశారు. తర్వాత జరిగింది బావే మాకు చెప్పాడు.

"యాడికప్పా ఈ బండలు?" అని అడిగాడట కింది ఊరి ప్రెసిడెంటు. భుజాన తువ్వాలు, చేతిలో గొడుగు, అరవై దాటిన రైతు.

"కాలనీకి."

"కాలనీకి యాలప్పా?"

"మా మామ ఇంటికి. కప్పు కోసరం," అన్నాడట బావ, గర్వంగా.

"దించండిరా," అన్నాడట ఆయన.

"బడికనో చర్చికనో చెప్పి ఉండొచ్చు కదా బావా?" అన్నాను.

"అబద్ధం సెప్పమని ముందే ఒక మాట రాసుంటే సెప్పేవాణ్ణి కదా బామ్మర్దీ. నీ దగ్గర పోస్టుకార్డు లేదా?" అన్నాడు బావ, తప్పు నాదేనన్నట్టు.

నాన్నా నేనూ వెళ్లేసరికి మా ఇంటి కప్పు చెరువు కట్ట మీద వరసగా పడుకుని ఉంది. దాని మీద నలుగురు కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. ప్రెసిడెంటు లేచి నిలబడి నాన్నకు నమస్కారం పెట్టాడు. అది చూసి నాకు ఆశ పుట్టింది. తొందరపడ్డాను.

"కాంపౌండరు సారూ, మీరంటే మాకు గౌరవం ఉండాది. మా మనవణ్ణి కుక్క కరిస్తే మీరే కదా సూదులేసినారు. కానీ బండలు ఇయ్యం. మీ మురుగు ఆపండి, మేమే మోసుకొచ్చి మీ ఇంటికాడ పెడతాం."

"మా ఇంట్లో ఇంకా మరుగుదొడ్డే లేదు కదప్పా," అన్నాడు నాన్న.

"కడతారు కదా సారూ."

నిజమే, నాన్న కట్టేవాడే.

ప్రెసిడెంటు మబ్బు వైపు చూశాడు. అక్టోబరు నెల, తూర్పు వానల కాలం. "వంక పొంగితే ఈ ఇసక మూటలు నిలవవు సారూ. ఈసారి మళ్లీ ఆ నీళ్లు మా చెరువులో పడితే మాకు పంట లేదు, గొడ్లకు గుక్క లేదు. ముందే సెప్తాండాను, వాన పడినరోజు ఈ బండల్నే వంకకు అడ్డంగా పాతేస్తాం. మట్టి కప్పి దిమ్మిస కొడతాం. ఇంక తీయడం ఎవురివల్లా కాదు."

అంటే వాన పడిన రోజు మాకు కప్పు లేదు, కాలనీకి నేల లేదు. తిరిగి వస్తుంటే నాన్నతో ఏదో జోకు వేయబోయాను. "ఇప్పుడు కాదు," అన్నాడు. మా నాన్న నా జోకును వినక ముందే వద్దనడం అదే మొదలు.

ఆ ఏడు నేను పుంగనూరులో ఒక బడిలో సైన్సు టీచర్ని. ప్రసవానికి వెళ్లిన టీచరమ్మ తిరిగి వచ్చేదాకా ఆ ఊరి పిల్లలకు నేనే సైన్సు. అందుకని మూడు ఊళ్ల ప్రెసిడెంట్లనూ పుంగనూరులో కలిపే పని నా మీద పడింది. ఒకరి ఊరికి ఒకరు రారు కదా. సంత రోజున సంతలోని రేకుల షెడ్డులో కూర్చోవడానికి ఒప్పుకున్నారు. ఆవులు కట్టేసే చోటు. ఎవరి ఊరూ కాదు, వాసనకు ఎవరూ ఎవరినీ అనుమానించే పనీ లేదు.

మా వైపు పంచాయితీల్లో ఒక కట్టుబాటు ఉంది. ఎదుటి పక్షం ఇచ్చిన కాఫీ తాగితే వాళ్ల మాటకు ఒప్పుకున్నట్టే. అందువల్ల తగువు తెగేదాకా ఎవరూ ఎవరి చేతి గుక్కా ముట్టరు. ముగ్గురు ప్రెసిడెంట్లూ మూడు ఫ్లాస్కులతో దిగారు. రాజులు కత్తులు ముందు పెట్టుకున్నట్టు ఎవరి ఫ్లాస్కు వాళ్లు ముందు పెట్టుకున్నారు. నాన్న మధ్యలో కూర్చున్నాడు. మూడు ఊళ్లలోనూ ఆయన సూది పడని కుటుంబం లేదు, ఆ ధైర్యంతో.

అందరికీ దారి తెలుసు. కాలనీ మురుగు చెరువుకు చేరకముందే ఎక్కడైనా గుంతలు తవ్వి ఆపాలి. మడ్డి కింద దిగాలి, తేరిన నీళ్లు గడ్డిలో పారి శుభ్రపడ్డాక వంకలో కలవాలి. దానికి పల్లపు జాగా కావాలి. అలాంటి జాగా వంక పొడుగునా ఒక్కచోటే ఉంది, మధ్య ఊరి పోరంబోకులో.

మధ్య ఊరి ప్రెసిడెంటు వయసులో ఉన్నవాడు. వర్షం మీద వేరుశనగ పండించే ఊరు. "ఇళ్లు వాళ్లవి, చెరువు వీళ్లది. గుంత మాత్రం మాదా? మా ఊరికి ఏం పేరొస్తాది? పిల్లనిచ్చేవోడు మా ఊరి పొలిమేర తొక్కుతాడా?" అన్నాడు.

"ఇంటి పన్ను మాకు వస్తాండాది నిజమే, కూలి మేమిస్తాం," అన్నాడు పై ఊరాయన. ఆయన కండువా మడత కూడా నలగలేదు.

"కూలి ఎవురడిగినారు? జాగా ఇయ్యం."

"ఇయ్యకపోతే బండలు లేస్తాయి," అన్నాడు కింది ఊరాయన.

"లేపు. మురుగు మా చేన్లలోకి ఎక్కనీ. మేమూ గడ్డపార పట్టుకోగలం."

ఇలా సాగుతుండగా రేకుల మీద నాలుగు చినుకులు పడ్డాయి. అందరూ తలెత్తి చూశారు. ఆ వెంటనే కింది ఊరి మనిషి ఒకడు సైకిలు మీద తడిసి ముద్దై వచ్చాడు. "ఆడ పెద్దవాన పట్టేసిందన్నా. మావోళ్లు బండలు లేపుతాండారు. ఒకటి నిలబెట్టేసినారు. పై ఊరోళ్లు కర్రలు పట్టుకొని వస్తాండారంట," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. కదిలితే ఓడినట్టు.   

నాకు నిశ్శబ్దం పడదు. నిశ్శబ్దంగా ఉన్న చోట నా నోరు దానంతటదే ఏదో ఒకటి వాగుతుంది. మధ్య ఊరి ప్రెసిడెంటును అడిగాను: "వేరుశనగకు యూరియా ఎక్కువేస్తే ఏమైతాదన్నా?"

ఆయన విసుగ్గా చూశాడు. "ఆకు మదమెక్కుతాది. కాయ పట్టదు."

"చెరువుకూ అదే రోగం. కాలనీవాళ్లు వాళ్లకు తెలీకుండా కింది ఊరి చెరువుకు ఏడాది పొడుగునా ఎరువేస్తాండారు. ఆకు మదమెక్కింది, చేప చచ్చింది. ఊరు మొత్తానికి ఉచితంగా చాకిరీ చేసి తన్నులు తింటాండారు, పాపం."

నేను నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. మధ్య ఊరి ప్రెసిడెంటు తన ఫ్లాస్కు మూత మెల్లగా బిగించాడు.

"ఎరువా సారూ?" అన్నాడు. అప్పటిదాకా నన్ను 'ఓ పిల్లోడా' అన్నవాడు.

వాళ్ల ఊరు ఏటా గొర్రెలవాళ్లను బతిమాలి, అన్నం పెట్టి, చేలల్లో మంద కట్టించుకుంటుంది. రాత్రంతా గొర్రెలు పడుకుంటే ఆ చేను మరుసటి పంటకు బలుస్తుంది. అలాంటి ఊరి మనిషికి ఎరువు అన్న మాట చెవిన పడితే వాసన గుర్తుండదు.

"గుంతలు మా జాగాలో తవ్వండి. ఎన్నయినా తవ్వండి," అన్నాడు. "గుంతలో దిగిన మడ్డి మాత్రం మాది."

"ఎట్లా మీదయితాదిరా?" కింది ఊరాయన లేచి నిలబడ్డాడు. "ఇన్నాళ్లూ భరించింది మేము. మా చేపలు సచ్చినాయి. న్యాయంగా అది మాకు రావాల్సిన ఎరువు."

పై ఊరాయన కండువా సర్దుకున్నాడు. "ఆగండప్పా. అసలు పుట్టింది యాడ?"

పొద్దున్నుంచీ ఎవరికీ అక్కర్లేని దానికి అరగడియలో ముగ్గురు తండ్రులయ్యారు. అవతల బండలు లేస్తున్నాయి. ఇవతల ఇద్దరు కాలర్లు పట్టుకునే దాకా వచ్చింది. నా జోకు ఇంత దూరం వెళ్లడం నాకూ కొత్తే. 

నాన్న అప్పుడు లేచాడు. "మంద ఎట్లా కట్టిస్తారప్పా మీరు? ఒకే మంద అన్ని చేలల్లో ఒకేసారి పడుకుంటాదా? ఈ ఏడు నీ చేను, వచ్చే ఏడు ఆయన చేను. ఇదీ అంతే. జాగా ఒకరిది, కూలి ఒకరిది, కాపలా ఒకరిది. ఎండాకాలం మడ్డి ఎత్తుకునే వంతు తలా ఒక ఏడు. వానలో నిలబడినవాళ్లలో ఎవరికైనా తల పగిలితే కుట్లేసేది నేనే. నాకు ఇంక రిటైర్మెంటు, వేయను."

 మధ్య ఊరాయన ఫ్లాస్కు తెరిచాడు. కాఫీ మూతలో పోసి, కింది ఊరాయన ముందు పెట్టాడు. ఆయన దాన్ని చూశాడు. బయట వానను చూశాడు. తీసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. తర్వాత తన ఫ్లాస్కు వంచాడు. బెల్లం కాఫీ. మిగతా ఇద్దరూ తాగారు. ముఖాలు చూస్తే ఒప్పందం కష్టమైనదని తెలుస్తూనే ఉంది.

సంతకొచ్చిన ఒక ట్రాక్టరు దొరికితే అందరం ఎక్కాం. చెరువు దగ్గరికి చేరేసరికి వంక ఎర్రగా లేచి ఉంది. ఇసక మూటలు ఒక్కొక్కటే కదులుతున్నాయి. మా బండ ఒకటి వంకలో నిలబడి ఉంది. రెండోదాన్ని ఆరుగురు లేపుతున్నారు. గట్టు మీద ఒక పక్క గడ్డపారలు, ఇంకో పక్క పై ఊరి కర్రలు, మధ్యలో వాన.

"ఆపండిరా!" అని అరిచాడు కింది ఊరి ప్రెసిడెంటు. "గుంత జాగాలోకి గండి కొట్టాల. అందరూ రాండి."

ఎవరూ బండను వదల్లేదు. ఆయన మేనల్లుడు గడ్డపారతో ఎదురొచ్చాడు. నిండా తడిసిన మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఏం మామా, ఊరకే మారినావా? ఏదీ, నోరు ఊదు," అన్నాడు.

ఊరి ప్రెసిడెంటును ఊరంతా చూస్తుండగా నోరు ఊదమంటే ఏమవుతుందో నాకు తెలుసు. నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. ముసలాయన ఊదాడు.

మేనల్లుడు వాసన చూశాడు. "ఇది మన కాఫీ కాదు. సికోరీ కలిపింది. వాళ్లది తాగినావు!"

గడ్డపారలు గుంపుగా కదిలాయి.

"తాగినాను రా," అన్నాడు ఆయన. "వాళ్లూ మనది తాగినారు. పో, వాళ్ల నోళ్లూ సూసుకో. మీ అత్త కాసిన బెల్లం కాఫీ. ఒక చుక్క మిగల్చకుండా తాగినారు."

మేనల్లుడు తిరిగి మిగతా ఇద్దరు ప్రెసిడెంట్ల ముఖాలు చూశాడు. అత్త కాఫీ అతనికి బాగా తెలిసినట్టుంది. గడ్డపార కిందికి దించాడు. "అంతా తాగినారా?" అన్నాడు, కొంచెం గౌరవంగా.

తర్వాత కర్రలవాళ్లూ గడ్డపారలవాళ్లూ కలిసి కొంచెం ఎగువన వంక ఒడ్డుకు గండి కొట్టి నీళ్లను మధ్య ఊరి పల్లపు జాగాలోకి మళ్లించారు. నేనూ పార పట్టాను. అంతసేపూ బావ లేచే ప్రతి గడ్డపారకూ "బండ, బండ జాగర్త" అని అరుస్తూనే ఉన్నాడు. వంకలో నిలబెట్టిన బండ పీకేటప్పుడు రెండుగా విరిగింది. మిగతావి క్షేమంగా వచ్చాయి, మాటిచ్చినట్టే వాళ్లే మోసుకొచ్చారు.

గుంతలకు పోయే కాలవ నెల లోపలే తవ్వేశారు, మరుసటి వేసవికి మూడు గుంతలు పూర్తయ్యాయి. రెండు మూడు వానాకాలాలు పోయాక చెరువు పచ్చదనం పలచబడింది. గొడ్లు తుమ్మకుండా తాగాయి. మడ్డి కోసం వంతుల దగ్గర చిన్న చిన్న మాటలు నడిచాయి గానీ ఎవరూ గడ్డపార ఎత్తలేదు. ఎత్తినా తవ్వడానికే.

అయితే మాకు ఆ డిసెంబరుకే కావలసింది కప్పు. మూడు పంచాయతీలూ కలిసి ఒక తీర్మానం చేశాయి: కాలనీలో ఏ ఇంటికైనా మురుగు గుంతల కాలవకు కలిపేదాకా కప్పు వేయకూడదు. మొదటి ఇల్లు మాదే. మేస్త్రీ నీళ్ల ట్యూబు పట్టి మట్టం చూసి, తల గోక్కుని, మళ్లీ చూశాడు.

"సారూ, మీ స్థలం వాలు ఇటు కాదు. రోడ్డు పక్కకు. మీ ఇంట్లో పోసిన నీళ్లు ఎన్నేళ్లయినా ఆ వంకకు పోవు."

చెరువు, చేపలు, బందీలు, నోరు ఊదడం, వీటన్నిటితో మా ఇంటికి సంబంధమే లేదు. నాన్న ముగ్గురు ప్రెసిడెంట్ల దగ్గరికీ వెళ్లి ఆ సంగతి చెప్పాడు. మీ ఒక్క ఇంటికి వదిలితే రేపు అందరి వాలూ మారిపోతుందన్నారు, ముగ్గురూ ఒకే మాటగా. చరిత్రలో మూడు పంచాయతీలూ కాఫీ లేకుండా ఏకగ్రీవంగా నిలబడింది మా బాత్రూం విషయంలోనే.

క్రిస్మసు తర్వాత వారంలో కప్పు పడింది, కొత్త సంవత్సరం ఆరాధనకు కొత్త ఇంటి నుంచే వెళ్లాం. నీళ్లు ఎదురు వాలుకు ఎక్కాలి కాబట్టి బాత్రూం నేల నడుమెత్తు లేపి కట్టారు. స్నానానికి మెట్లెక్కాలి. మెట్లకు సిమెంటు మరీ నున్నగా పూశారు, తడిస్తే జారతాయి. దిగేటప్పుడు ఎడమ గోడ పట్టుకోవాలి.